జమీమా: ఆదివారం అనుబంధంలో మేము

పత్రికతో పాటు అదనంగా వచ్చే కాగితాలను ఉర్దూలో జమీమా అంటారు. జోడించినది అని అర్థం. అంతకుమించి ఆ మాటలో ఇంకేమీ లేదు. తెలుగులో దాన్నే అనుబంధం అంటారు. తెలుగులో అనుబంధమంటే తల్లికీ బిడ్డకూ మధ్య ఉండేది కూడా. ఒకే వస్తువుకు రెండు భాషలు పెట్టుకున్న ఈ రెండు పేర్ల నడుమ ఎక్కడో మా బతుకు ఉంది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, ఆదివారం పొద్దున చేతిలో రెండు అఖ్బార్లు. ఎమ్మిగనూరు, ఆదోని తట్టు పుట్టి, చదువుకుని, పత్రికల్లో పనికి కుదిరిన మాలాంటివాళ్లం ఈ సమాజానికి జోడించబడ్డవాళ్లమా, అనుబంధం ఉన్నవాళ్లమా? ఈ ప్రశ్న మమ్మల్ని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. పత్రికలను అడిగినవాళ్లు తక్కువ. అందుకే ఆదివారం అనుబంధం చరిత్రను మా వైపు నుంచి చెప్పుకోవాలనిపించింది.

పత్రికల చరిత్ర రాసినవాళ్లు సంపాదకీయాల గురించి రాశారు. సంపాదకుల గురించి, యజమానుల గురించి రాశారు. అనుబంధాన్ని లెక్కలోకి తీసుకున్నవాళ్లు కొద్దిమందే. అది పిల్లలూ ఆడవాళ్లూ చదువుకునేది, పొద్దుపోక చదివేది అని ఒక చిన్నచూపు. కానీ మాకు తెలిసిన సత్యం వేరు. మెయిన్ పేపర్లో మేం వార్తలం. గొడవ జరిగితే వార్త, కర్ఫ్యూ పెడితే వార్త, పండగొస్తే ఈద్గాలో వరసగా వంగిన వీపుల ఫోటో. ఆ వీపుల కింద మనుషులున్నారని, వాళ్లకు అప్పులూ అల్లుళ్లూ నవ్వులాటలూ ఉన్నాయని తెలుగు చదువరికి మొదట చెప్పింది ఆదివారం అనుబంధమే. అదీ చాలా ఆలస్యంగా చెప్పింది. ఎందుకంత ఆలస్యమైంది, ఎలా చెప్పింది అన్నదే మా విషయం.

మొదట్లోకి వెళ్తే ఈ అనుబంధం పుట్టుకలో రెండు భాషలూ కవల పిల్లల్లాగా కనిపిస్తాయి. లక్నోలో మున్షీ నవల్ కిశోర్ నడిపిన అవధ్ అఖ్బార్‌కు జమీమాగా 1878 చివర్లో ఒక కథ మొదలైంది. అదే ఫసానా-ఎ-ఆజాద్. ఏడాది పాటు సాగింది. రాసినాయన పండిత్ రతన్‌నాథ్ సర్షార్, కశ్మీరీ బ్రాహ్మణుడు. లక్నో ముస్లిం ఇళ్ల మాటతీరును, నవాబుల గప్పాలను, జెనానాల నుడికారాన్ని అచ్చులో పెట్టింది ఆయనే. తరవాత ప్రేమ్‌చంద్ దాన్ని హిందీలోకి కుదించి తెచ్చాడు. ఉర్దూ ముస్లింల భాష అని అటు వాళ్లూ ఇటు వాళ్లూ గట్టిగా చెప్పే ఈ రోజుల్లో ఉర్దూ నవలకు పునాదిరాయి వేసింది ఒక పండితుడు, అదీ ఒక జమీమాలో అని గుర్తుచేయాల్సి రావడం మా ఖర్మ. అదే 1878లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం వివేకవర్ధనిలో రాజశేఖర చరిత్రము అచ్చువేస్తున్నాడు. ఆ వివేకవర్ధనికి అనుబంధంగానే హాస్యసంజీవని వచ్చింది. లక్నోలో హాస్యానికి అవధ్ పంచ్ 1877లో మొదలైంది. గంభీరమైన పత్రిక చెప్పలేనిదాన్ని పక్కన జోడించిన కాగితం చెబుతుందన్న సంగతి గోదావరి ఒడ్డునా గోమతి ఒడ్డునా దాదాపు ఒకేసారి తెలిసింది.

మా వూళ్లకు ఈ కాగితాలు చేరిన దారి వేరు. అది చెప్పాలంటే కొంచెం భూగోళం చెప్పాలి. నిజాం ఈ సీమను 1800లో ఇంగ్లీషువాళ్లకు దత్తం చేశాడు. ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో, మద్రాసు రాజధానిలో ఉండిపోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలో కలిశాయి. ఎమ్మిగనూరు అప్పటికి ఆదోని తాలూకాలోనిదే. ఉత్తరాన తుంగభద్ర. అవతలి గట్టు నిజాం ఇలాకా, ఇవతలి గట్టు ఇంగ్లీషు ఇలాకా. 1800 తరవాత పుట్టిన మా పెద్దలెవరూ నిజాం రైతులు కారు. అయినా మనసులో ఉన్నది బయటపెట్టినప్పుడల్లా 'రజాకార్ల సంతతి' అని మమ్మల్ని కూడా అన్నారు. నదికి ఏ గట్టున ఉన్నామో చూసి మాట్లాడే ఓపిక తిట్టేవాడికి ఉండదు.

ఆ భూగోళమే మా చదువునూ నిర్ణయించింది. మద్రాసు నుంచి బొంబాయి పోయే రైలు ఆదోని మీదుగా పోతుంది. మద్రాసు పత్రికలకు ఆ రైలే దారి. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా పెట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసుకొచ్చి దినపత్రిక అయింది. అంటే తెలుగు పెద్ద పత్రిక తన మొదటి ప్రయాణంలో మా రైలు దారినే నడిచిందన్నమాట. దినపత్రికకు సారస్వతానుబంధం ఉండేది, ఉగాదికి ప్రత్యేక సంచిక ఉండేది, సచిత్ర వారపత్రిక విడిగా ఉండేది. ఆంధ్రప్రభ 1938లో వచ్చింది, దాని వారపత్రిక 1952లో. ఆ వారపత్రికను మా సీమవాడే నడిపాడు. అనంతపురం జిల్లా తరిమెల నుంచి వెళ్లిన విద్వాన్ విశ్వం. పెన్నేటి పాట రాసిన ఆ చేతిలో పత్రిక ఉన్నప్పుడు కరువుసీమ తెలుగుకు మద్రాసులో ఒక కుర్చీ దొరికింది. అనంతపురంలో పప్పూరు రామాచార్యులు 1926 నుంచి సాధన వారపత్రికను నడిపాడు. సీమకు పత్రికల చరిత్ర లేదనేవాళ్లు ఈ రెండు పేర్లైనా గుర్తుంచుకోవాలి.

అదే 1926లో నది అవతల హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రికను మొదలుపెట్టాడు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. 354 మంది కవులు అందులో నిలబడ్డారు. లేరన్నవాళ్లకు వాదనతో కాక జాబితాతో జవాబు చెప్పాడు. ఈ సంగతి దగ్గర మేం కాస్త ఆగుతాం. అరవై నాలుగేళ్ల తరవాత ఇదే పని ముస్లిం కవులు చేయాల్సి వచ్చింది. ఇక 1940లలో అదే హైదరాబాదులో మీజాన్ అనే పత్రిక ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడు భాషల్లో వచ్చేది. యాజమాన్యం ముస్లింలది. తెలుగు మీజాన్ సంపాదకుడు అడివి బాపిరాజు. నారాయణరావు నవల రాసిన బాపిరాజు, చిత్రకారుడు బాపిరాజు. ఒకే కప్పు కింద ఉర్దూ కాతిబూ తెలుగు కంపోజిటరూ కూర్చున్న అచ్చాఫీసు ఒకటి ఈ నేల మీద ఉండేదని చెబితే నమ్మనివాళ్లను మేం చూశాం. మా ఇళ్లలో రెండు భాషలు ఒకే చాప మీద కూర్చుంటాయి గనక మేం నమ్మడానికి కష్టపడలేదు.

ఉర్దూ చదువరికి ఇల్లులాంటిది సియాసత్. 1949 ఆగస్టు 15న ఆబిద్ అలీ ఖాన్, మహబూబ్ హుసేన్ జిగర్ దాన్ని మొదలుపెట్టారు. పోలీసు చర్య జరిగి ఏడాది కాలేదు. ఉర్దూ సర్కారీ భాషగా కూలిపోయింది, చదివిన చదువు కొరగాకుండా పోయింది. ఆ రోజుల్లో దేశం వదలని ముస్లింకు ధైర్యం చెప్పడమే ఆ పత్రిక చేసిన మొదటి పని. అందులో షీషా-ఓ-తేషా అని ఒక హాస్య శీర్షిక. గాజు, బాడిస అని అర్థం. దాన్ని రాస్తున్న షాహిద్ సిద్దీఖీ 1962లో చనిపోతే ఆ బాధ్యత జిగర్ తమ్ముడు ముజ్తబా హుసేన్ మీద పడింది. తప్పనిసరై మొదలుపెట్టిన ఆ హాస్యంతోనే ఆయన ఉర్దూ ప్రపంచమంతా తెలిసిన రచయిత అయ్యాడు, 2007లో పద్మశ్రీ అందుకున్నాడు, 2020 మే నెలలో కన్నుమూశాడు. గుల్బర్గావాడు. గుల్బర్గా, ఆదోని ఒకే రైలు మార్గం మీద ఊళ్లు గనక మాకు ఆయన మీద కొంచెం హక్కుంది!

అయితే అనుబంధం లేని అనుబంధం ఒకటి ఇక్కడ చెప్పాలి. హైదరాబాదు ఉర్దూ పత్రిక బస్సెక్కి ఎమ్మిగనూరు చేరేసరికి తెలుగు పత్రిక టీ బంకుల్లో నలిగిపోయి ఉండేది. ఆదోనిలో బెంగుళూరు సాలార్ చదివే ఇళ్లూ ఉండేవి. ఆ ఆదివారం పేజీల్లో గజళ్లున్నాయి, నవాబుల దేవిడీలున్నాయి, గల్ఫు ఉద్యోగాలున్నాయి, పెళ్లి సంబంధాలున్నాయి. మా దూదేకుల కాకా లేడు. మా పక్క దూది పండుతుంది, ఆదోని పత్తి మార్కెట్టు పేరుమోసింది. దూది ఏకే విల్లుతో ఊరూరా తిరిగినవాళ్లు, జిన్నింగు మిల్లులొచ్చాక ఆ విల్లు అటకెక్కించినవాళ్లు మాలో ఎంతోమంది. వాళ్ల ఇంటి భాష తెలుగు. నమాజు అరబ్బీలో, ఏడుపు తెలుగులో. ఉర్దూ రాదు గనక వీళ్లు సగం ముస్లింలని ఉర్దూ షరీఫుల చూపు, పేరు మస్తానయ్యో పీరయ్యో గనక వీళ్లు సగం హిందువులని తెలుగువాళ్ల చూపు. ప్రభుత్వం వాళ్లను వెనకబడిన కులాల జాబితాలో బి గ్రూపులో పెట్టింది. ఉర్దూ జమీమాలో ఏ గ్రూపులోనూ పెట్టలేదు. మతం పేరు చెప్పి అందరం ఒకటే అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

తెలుగు వైపు చూద్దాం. 1980ల దాకా వారపత్రిక వేరు, దినపత్రిక వేరు. వారపత్రికను కొనుక్కోవాలి. ఎమ్మిగనూరులాంటి చేనేత ఊళ్లో మగ్గం మీద బతికే ఇల్లు వారపత్రిక కొనదు, అద్దెకు తెచ్చుకుంటుంది, లేదా గ్రంథాలయంలో వంతు కోసం కూర్చుంటుంది. ఆఫ్‌సెట్ అచ్చు, రంగుల బొమ్మ, పెరిగిన పోటీ కలిసి ఆ లెక్కను మార్చేశాయి. ఈనాడు 1974లో విశాఖలో పుట్టి రాష్ట్రమంతా పాకింది. ఉదయం 1984 డిసెంబరులో వచ్చి పోటీ రాజేసింది. ఆదివారం పత్రికతో పాటు ఉచితంగా రంగుల పుస్తకం ఇవ్వడం రివాజైంది. కథ, సీరియల్, వారఫలాలు, వంట, సినిమా, పిల్లల బొమ్మలు అన్నీ పేపరు ధరలోనే. వారమంతా పేపరు కొనని ఇల్లు ఆదివారం కొనడం మొదలుపెట్టింది. వారపత్రికను చంపింది టీవీ అంటారు. టీవీ ఒక్కటే కాదు, ఊరికే వచ్చిన ఈ పుస్తకం కూడా. ఆంధ్రపత్రిక 1991లో మూతపడింది. ఉదయం 1995లో ఆగిపోయింది. విడిగా కొనుక్కునే వారపత్రికలు ఒక్కొక్కటే సన్నగిల్లాయి. వాటి చదువరిని అనుబంధం తీసుకుంది.

ఆ ఉచిత పుస్తకం మా ఇళ్లలో ఎన్ని అవతారాలెత్తిందో చెప్పాలి. చదివాక అలమరలో పరచడానికి, పుస్తకాలకు అట్టలు వేయడానికి, చివరికి బజారులో ఉగ్గాని పక్కన బజ్జీలు చుట్టడానికి. మేం హైస్కూల్లో ఉండగా సగం సీరియళ్లు బజ్జీల నూనెలోంచే చదివాం. తరవాయి భాగం కోసం మళ్లీ బజ్జీలు కొనాలి!

సరే, ఆ పుస్తకంలో మేమెక్కడ? మా తట్టు ముస్లిం పేరు ఒకటి మాత్రం ఏటా తప్పకుండా కనిపించేది. సిద్ది మసూద్ ఖాన్. పదిహేడో శతాబ్దంలో బిజాపూరు సుల్తానుల తరఫున ఆదోనిని ఏలినవాడు. మంత్రాలయం రాఘవేంద్రస్వామి ఆరాధనోత్సవాలు వచ్చినప్పుడు ఆ కథ వేస్తారు. స్వామిని పరీక్షించబోయి నవాబు మాంసం పళ్లెం పంపడం, అది పూలూ పళ్లుగా మారడం, నవాబు తలవంచి మంచాల గ్రామం ఇవ్వడం. భక్తుల కథ, మాకేం తగాదా లేదు. మా ఇళ్లలోనూ మంత్రాలయానికి మొక్కుకున్నవాళ్లున్నారు. కానీ అదే మసూద్ ఖాన్ ఆదోనిలో జామా మసీదు కట్టించాడు. రాతిపని చూడ్డానికి దూరం నుంచి వస్తారు. తప్పు తెలుసుకుని తలవంచిన నవాబు మాత్రమే ఏటా అచ్చులోకి వచ్చాడు. కట్టడం తెలిసిన నవాబు మసీదు గోడల దగ్గరే ఆగిపోయాడు.

ఇక రంజాను. మేం పనిచేసిన ఒక తెలుగు పత్రికలో ఆ నెల దగ్గరపడితే డెస్కు మొత్తం మా కుర్చీ వైపు తిరిగేది. హలీం మీద ఒకటి, అత్తరు మీద ఒకటి, చార్మినారు గాజుల మీద ఒకటి. ఎమ్మిగనూరు మసీదులో ఉపవాసం విడిచేది గంజితోనయ్యా, హలీం మాకూ హైదరాబాదు వెళితేనే దొరుకుతుంది అంటే ఎవరికీ పట్టలేదు. గంజికి ఫోటో బాగా రాదన్నారు. పీర్ల పండగకు సీమ పల్లెల్లో పీరు మోసేవాడు బోయవాడు కావచ్చు, కాపు కావచ్చు, అలావు చుట్టూ ఊరు ఊరంతా ఆడుతుంది. దాన్ని రాయమంటే 'మతసామరస్యం' అని శీర్షిక తయారుగా ఉండేది. మా వూళ్లో దానికా పేరు లేదు. పీర్ల పండగ అంటారు, అంతే.

ఈ అలవాటు కదలడానికి దేశంలో పెద్ద దెబ్బే తగలాల్సి వచ్చింది. 1990 డిసెంబరులో హైదరాబాదు తగలబడింది. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. ఆ రెండిటి నడుమ, 1991లో ఖాదర్ మొహియుద్దీన్ పుట్టుమచ్చ వచ్చింది. పుట్టుకతోనే ఒంటి మీద పడ్డ అనుమానాన్ని ఒక ముస్లిం తెలుగులో, తెలుగువాళ్ల ముందు నిలబడి, మొహమాటం లేకుండా చెప్పడం అదే మొదలని చాలామంది లెక్క. అప్పటికే దళితులూ స్త్రీలూ సాహిత్యం తలుపులు బాదుతున్నారు. మేం ఆ వరసలో చేరాం. 1998లో స్కైబాబ జల్‌జలా సంకలనం తెచ్చాడు. ముస్లిం కవులు తెలుగులో ఎక్కడున్నారన్నవాళ్లకు సురవరం చెప్పిన పద్ధతిలోనే జవాబు. ఇదిగో పేర్లు, ఇవిగో కవితలు.

కవిత్వం ఆ పని చేస్తూండగా వచనం ఆదివారం అనుబంధంలోంచి వచ్చింది. ఇక్కడ నామిని సుబ్రహ్మణ్యం నాయుడు పేరు చెప్పకపోతే అన్యాయం. చిత్తూరు జిల్లా పల్లె భాషను పత్రికల్లోకి తెచ్చి, దాన్ని తూకం వేసి సరిదిద్దబోయిన పండితులను లెక్కచేయని మనిషి. సర్కారు జిల్లాల చదువుకున్న తెలుగే తెలుగని అనుకుంటున్న పేజీల్లో ఆయన కతలు 'మా అమ్మ మాట్లాడేది కూడా భాషే' అని చెప్పాయి. ఆ తలుపు తెరుచుకున్నాక అందులోంచి మేమూ దూరగలిగాం. ఆంధ్రజ్యోతిలో ఆయన దగ్గర పనిచేసిన కావలి కుర్రవాడు మహమ్మద్ ఖదీర్‌బాబు, ఆయన ప్రోత్సాహంతో తన ఇంటి కతలు రాశాడు. తొంభైల చివర్లో ఆంధ్రజ్యోతి ఆదివారం అనుబంధంలో వారం వారం వచ్చాయి. 1999లో దర్గామిట్ట కతలు పేరుతో పుస్తకమైంది.

ఆ కతలు వచ్చిన ఆదివారాలు మా మొహల్లాల్లో ఎలా ఉండేవో రాయడానికి మాకు కొంచెం చోటు కావాలి. తెలుగు చదవగలిగిన పిల్లవాడు పైకి చదవాలి, తెలుగు చదవలేని అమ్మీ, నానీమా వినాలి. వాళ్లకు ఉర్దూలోకి మార్చి చెప్పనక్కర్లేదు. ఎందుకంటే అందులో అమ్మ మాట్లాడేది మా అమ్మీ మాట్లాడేదే. తెలుగు మధ్యలో ఉర్దూ, ఉర్దూ తోకకు తెలుగు. దుకాణంలో అప్పు చెప్పేటప్పుడు తెలుగు, అల్లాకు మొరపెట్టుకునేటప్పుడు ఉర్దూ, కొడుకును తిట్టేటప్పుడు రెండూ. ఈ కిచిడీ భాషను హైదరాబాదు ఉర్దూవాళ్లు బాజారీ జబాన్ అన్నారు, తెలుగు మాస్టర్లు 'తురక తెలుగు' అని ఎర్రసిరాతో కొట్టేశారు. రెండు బళ్లలోనూ దెబ్బలు తిన్న మాట లక్షల కాపీల పత్రికలో, రంగుల బొమ్మతో సహా అచ్చయింది. నెల్లూరు జిల్లా యాస మా కర్నూలు యాస కాదు. అయినా ఎవరి ఇల్లు ఇది అన్న ప్రశ్నే రాలేదు.

ఆ కతల్లో పోరాటం లేదు, ఫాసిజం మీద వ్యాఖ్య లేదు, నవ్విస్తాడు అంతే అని మా ఉద్యమ మిత్రులు కొందరు పెదవి విరిచారు. మేం అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోం. బాబ్రీ కూలిన ఆరేడేళ్లకు, ముస్లిం అంటే బాంబు లేదా బిర్యానీ అని తీర్మానమైపోయిన రోజుల్లో, ఫీజు కట్టలేక ఇబ్బంది పడే ముస్లిం తండ్రిని, పిల్లాడికి కొత్త చొక్కా కుట్టించలేని ముస్లిం తల్లిని పొరుగువాడికి పరిచయం చేయడం రాజకీయం కాకపోతే మరేమిటి? కవాతు చేస్తేనే రాజకీయమా? కవిత్వం నిలదీసింది, కత ఇంట్లోకి పిలిచింది. రెండూ కావలసిన పనులే. నిలదీసినప్పుడు తలుపేసుకున్నవాళ్లు కూడా ఆదివారం పూట కత చదివారు.

చదివినవాళ్లలో మా పిల్లలూ ఉన్నారు. మన ఇంట్లో జరిగేది కూడా రాయవచ్చునన్న ధైర్యం వాళ్లకు అక్కడే వచ్చింది. 2004లో వతన్ పేరుతో ముస్లిం కథల సంకలనం రాగలిగిందంటే ఆ ధైర్యమే కారణం. కడప జిల్లా నుంచి వేంపల్లె షరీఫ్ వచ్చాడు, వేంపల్లె పేరునే ఇంటిపేరు చేసుకుని. 2007 మే 18న, శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదులో బాంబు పేలింది. పోయినవాళ్లు ముస్లింలు, వెంటనే పట్టుబడ్డవాళ్లూ ముస్లిం కుర్రవాళ్లే. వాళ్లను తరవాత కోర్టు నిర్దోషులని వదిలేసింది. మెయిన్ పేపరు మొదటి పేజీలో వాళ్లను పట్టుకున్న అక్షరాల సైజుకూ, వదిలేసిన అక్షరాల సైజుకూ తేడా కొలిచి చూడండి, మేం ఇక్కడ రాయం. ఆ పేలుడు చుట్టూ షరీఫ్ జుమ్మా అనే కథ రాశాడు. నమాజుకు పొమ్మని పోరే ఒక తల్లి కథ. 2011లో అదే పేరుతో పుస్తకం వచ్చింది, సాహిత్య అకాడెమీ యువ పురస్కారం కూడా వచ్చింది. పేపరు చెప్పలేకపోయినది కథ చెప్పింది.

ఇంతా చెప్పి అనుబంధాన్ని నెత్తిన పెట్టుకోమని మేం అనడం లేదు. అనుబంధానికి ఒక గుణముంది, విడదీయవచ్చు. మెయిన్ పేపరు చదివే మగవాడు దాన్ని తీసి పక్కన పడేయవచ్చు. యాజమాన్యం ఎప్పుడైనా ఆపేయవచ్చు. ఆంధ్రజ్యోతి 2000 చివర్లో మూతపడింది. దర్గామిట్ట కతలు వచ్చిన పేజీలూ దాంతో పోయాయి. 2002 అక్టోబరులో కొత్త యాజమాన్యం కింద పత్రిక మళ్లీ మొదలైంది, సోమవారం సాహిత్యానికి వివిధ పేజీ పెట్టారు, అస్తిత్వవాదాల చర్చలు అందులో చాలా జరిగాయి. మంచిదే. కానీ సాహిత్యం పేజీని సాహిత్యకారులు చదువుతారు. ఆదివారం పుస్తకాన్ని చదివిన గృహిణి, దర్జీ, మగ్గంగుంటలో కూర్చున్న నేతగాడు ఆ పేజీ దాకా రారు. ముస్లిం గొంతు మర్యాదస్తుల గదిలోకి వెళ్లింది, వంటింట్లోంచి బయటికొచ్చింది. లాభమా నష్టమా అంటే రెండూ.

రెండో అనుబంధం కథ ఇంకా చిత్రం. 1989లో ఈనాడు జిల్లాకో చిన్న పత్రిక జోడించడం మొదలుపెట్టింది, మిగతావాళ్లూ పట్టుకున్నారు. మా ఎమ్మిగనూరు అచ్చులోకి రావడం నిజంగా అప్పుడే పెరిగింది. నీలకంఠేశ్వర జాతర, మాచాని సోమప్ప 1938లో పెట్టిన నేతగాళ్ల సహకార సంఘం పడుతున్న పాట్లు, ఆదోనిలో పత్తి ధర, ఉర్దూ బడిలో పంతులు లేకపోవడం, అన్నీ వచ్చాయి. వచ్చి కర్నూలు జిల్లాలోనే ఉండిపోయాయి. ఉర్దూ బడి వార్త కర్నూలు జిల్లా అనుబంధంలో ఒక పేజీ అంతా వచ్చినా గుంటూరు ముస్లింకు తెలియదు, శ్రీకాకుళం హిందువుకు అసలే తెలియదు. కానీ ఆదోనిలో నిమజ్జనం రోజు రాయి పడితే అది మాత్రం మెయిన్ ఎక్కి రాష్ట్రమంతా తిరుగుతుంది. మా కష్టానికి జిల్లా సరిహద్దుంది, మా గొడవకు లేదు. ఇది ఏ ఒక్క సంపాదకుడి దురుద్దేశమూ కాదు. పేజీలు అలా కట్టబడి ఉన్నాయి, అంతే. అందుకే దాన్ని సరిచేయడం మరీ కష్టం.

ఉర్దూ వైపు కూడా కొన్ని మారాయి. కర్నూలులో ఉస్మానియా కళాశాల పెట్టిన డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరు మీద 2016లో అక్కడే ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. కరాచీలో చనిపోయిన బాబా-ఎ-ఉర్దూ అబ్దుల్ హఖ్ వేరు, ఈయన మా కర్నూలాయన. 2022 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేస్తూ చట్టం చేసింది. బోర్డుల మీద భాష వచ్చింది. చదివే కళ్లు మాత్రం తగ్గాయి. మా పిల్లలు సియాసత్‌ను ఫోన్లో చూస్తారు, లిపి రానివాళ్లు వింటారు. 2020లో కరోనా వచ్చినప్పుడు తెలుగు పత్రికల అనుబంధాలు బక్కచిక్కాయి, జిల్లా పేజీలు మెయిన్‌లో కలిశాయి, ఆంధ్రభూమి అచ్చే ఆగిపోయింది. ఆదివారం పుస్తకం కోసం గేటు దగ్గర కాపు కాసే పిల్లలు ఇప్పుడు లేరు.

మిగిలిన పని ఒకటుంది. పాత దినపత్రికలను ప్రెస్ అకాడమీ చాలావరకు కంప్యూటర్లోకి ఎక్కించింది. హైదరాబాదులో అబ్దుస్ సమద్ ఖాన్ అనే ఒక్క మనిషి జీవితమంతా పోగుచేసిన ఉర్దూ పత్రికలు, పుస్తకాలు సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరాయి. కమ్యూనిస్టు పేరు మీద ఉన్న గ్రంథాలయంలో ఉర్దూ తలదాచుకుంది. 2000 ఆగస్టు వరదలో అక్కడి పుస్తకాలు తడిస్తే ఆరబెట్టి బతికించారు. కానీ ఆదివారం అనుబంధాన్ని దాచాలని ఎవరికి తోస్తుంది? ఊళ్ల గ్రంథాలయాల్లో దినపత్రికను కట్టగట్టేటప్పుడు ముందు బయటికి పోయేది ఆ పుస్తకమే. పుస్తకాలుగా వచ్చిన కథలు మిగిలాయి. వాటి పక్కన అచ్చయి పుస్తకం కాని ముస్లింల ఉత్తరాలు, చిన్న కథలు, ఒక్కసారే రాసి మళ్లీ రాయని అమ్మాయిల అనుభవాలు తూకానికి పోయాయి.

ఎమ్మిగనూరులో మేం కొందరం వాటి జాబితా మొదలుపెట్టాం. తేదీ, పత్రిక, పేజీ, రాసినవారి పేరు, ఏ ఊరు అని గీతలు గీసిన ఒక నోటుబుక్కు. 1998, 99 సంచికలు ట్రంకుపెట్టెల అడుగున పరిచినవి, పాఠ్యపుస్తకాలకు అట్టలుగా వేసినవి కొన్ని దొరికాయి. అట్టగా వేసినదాంట్లో కథ మధ్యలో మడత పడి పేరు కనిపించకపోతే ఊరి పేరు ఒక్కటే రాసుకుంటున్నాం. ఎవరింట్లోనైనా ఉంటే తూకానికి వేసేముందు ఒకసారి తిరగేసి చూడండి.